మా ఇంట్లో కార్తీకం నలభై అయిదు రోజులు

బరంపురం_బాబు
అసలు కార్తీకం ఎన్ని రోజులో ఎవరైనా తేల్చి చెప్పండి. ముప్ఫై అని చిన్నప్పటి నుంచి వింటున్నాను. మా ఇంట్లో ఈ ఏడాది, 2025లో, నలభై అయిదు నడుస్తోంది.

మేం నాలుగు తరాలుగా బరంపురంలో ఉంటున్న తెలుగువాళ్లం. మొన్న వేసవిలో తమ్ముడికి పెళ్లయింది. అమ్మాయిది కటక్, ఒడియావాళ్లు. దసరా వెళ్లి వారం తిరగకముందే ఒక తెల్లవారుజామున మరదలు తలస్నానం చేసి, తులసికోట చుట్టూ రంగు పొడులతో ముగ్గు పెట్టింది. దాన్ని మురుజ అంటారట. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు... పిల్లలు కూడా తొక్కకుండా పక్కనుంచి నడిచారు, అంత బాగుంది. కుమార పున్నమి, అంటే ఆశ్వయుజ పున్నమి, వెళ్లింది కాబట్టి కార్తీకం వచ్చేసిందని చెప్పింది. మాకు అప్పటికి దీపావళే రాలేదు!

అమ్మ ఒక్క క్షణం ఆలోచించి తీర్పు చెప్పేసింది. "కొత్త కోడలు ఎదురుగా ఒంటిపూట తింటుంటే మనం చేపముల్లు ఏరుకుంటూ కూర్చుంటామా? ఇంట్లో నీచు వద్దు." సరే అన్నాం. దీపావళి వెళ్లగానే అమ్మ తన కార్తీకం మొదలుపెట్టింది. నవంబరు 5 పున్నమితో మరదలి కార్తీకం పూర్తయింది. ఊళ్లో వాళ్లంతా ఛడఖాయి అంటూ నెల రోజుల తరవాత మళ్లీ చేప తినడం మొదలుపెట్టారు. ఆ ఆదివారం నేనూ సంచి తీశాను. అమ్మ గుమ్మంలో నిలబడి "మన కార్తీకం ఇంకా ఉంది, సంచి లోపల పెట్టు" అంది.

నాన్నగారి సాయంకాలపు నడక ఈ మధ్య అరగంట పెరిగింది. గుడ్ల బండి ఆ దారిలోనే ఉంది. నేను ఎవరినీ అనుమానించడం లేదు.

నా ప్రశ్న ఒక్కటే. శాస్త్రం ప్రకారం ఈ రెండింటిలో అసలు కార్తీకం ఏది?

ఉప్పుచేప
నా పేరు చూసి మీ అమ్మగారు ఈ చర్చలోకి రానివ్వరేమో.

జయపురం_వాసి
మా కోరాపుట్ వైపు ఇంటికో కార్తీకం. ఎవరిది వాళ్లు చేసుకుంటారు. రెండూ కలిపి చేసిన ఇల్లు మాత్రం ఇదే మొదటిసారి వింటున్నాను.

పర్లాకిమిడి_మాస్టారు
బాబూ, ముందు లెక్క సరిచేసుకుందాం. 45 కాదు, 44. ఒడియా పాంజిలో, అంటే వాళ్ల పంచాంగంలో, కార్తీకం అక్టోబరు 8న మొదలైంది. మన పంచాంగంలో కార్తీక అమావాస్య నవంబరు 20. వేళ్ల మీద లెక్కపెట్టుకోండి.

ఇక అసలు సంగతి. నెలను ఎక్కడ కత్తిరించాలి అన్నదే తేడా. మనం, మరాఠీవాళ్లు, కన్నడిగులు అమావాస్యతో నెల ముగిస్తాం. దాన్ని అమాంతం అంటారు. ఒడియావాళ్లు, ఉత్తరాదివాళ్లు పున్నమితో ముగిస్తారు. అది పూర్ణిమాంతం. శుక్ల పక్షం ఇద్దరికీ ఒకే నెలలో పడుతుంది. కృష్ణ పక్షం దగ్గరకు వచ్చేసరికి వాళ్లు ఒక నెల పేరు ముందుంటారు. మనం ఆశ్వయుజ బహుళం అనే పదిహేను రోజులను వాళ్లు కార్తీక కృష్ణ పక్షం అంటారు. చంద్రుడు ఒక్కడే, ఆ రోజూ ఒక్కటే, పేరు మారింది.

అందుకే ఒక తిథికి కట్టిన పండుగలతో ఏ పేచీ రాదు. శివరాత్రి మనకు మాఘ బహుళ చతుర్దశి, వాళ్లకు ఫాల్గుణ కృష్ణ చతుర్దశి. మహేంద్రగిరి ఎక్కే జనంలో తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ ఒకే రాత్రి జాగారం చేస్తారు. కృష్ణాష్టమి మనకు శ్రావణం, వాళ్లకు భాద్రపదం. దీపావళి మనకు ఆశ్వయుజం, వాళ్లకు కార్తీకం. ఎవరూ తగువు పడలేదు. నెల మొత్తానికి కట్టిన వ్రతం అయితేనే ఈ చిక్కు. మీ ఇల్లు సరిగ్గా అక్కడ ఇరుక్కుంది.

బరంపురం_బాబు
మాస్టారూ, 44 అయినా అమావాస్య మర్నాడు పోలి పాడ్యమి తెల్లవారి దీపాలు వదిలేదాకా అమ్మ పొయ్యి మీద నీచు పెట్టనివ్వదు. కాబట్టి 45 దగ్గరే ఉంటాను. అసలు ఏది అన్నదానికి మీరు జవాబు చెప్పలేదు.

పర్లాకిమిడి_మాస్టారు
రెండూ అసలువే. పురాణాల్లో, ధర్మగ్రంథాల్లో రెండు వాడుకలూ ఉన్నాయి. ఏ ఊరి ఆచారం ఆ ఊరికి ప్రమాణం.

ఏకభుక్తం
మాస్టారు మెత్తగా చెబుతున్నారు. నేను సూటిగా చెబుతాను. పెళ్లయిన ఆడపిల్లకు అత్తవారి ఆచారమే ఆచారం. తెలుగింటికి వచ్చాక తెలుగు కార్తీకమే చేయాలి. రెండు పడవల మీద కాళ్లు పెడితే వ్రతఫలం ఉండదు.

ఛత్రపురం_కోడలు
ఈ మాట చదివి రాయకుండా ఉండలేకపోయాను. నేనూ ఒడియా ఇంటి పిల్లనే. ఛత్రపురంలో తెలుగువాళ్ల కోడలినై పద్దెనిమిదేళ్లయింది. తెలుగు చదవడం, రాయడం మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను, తప్పులుంటే మన్నించండి.

మా అమ్మ విధవరాలయ్యాక ఏటా కార్తీకంలో హబిష, అంటే హవిష్యాన్న వ్రతం, చేసేది. రోజుకు ఒక్క పూట. పచ్చి బియ్యం అన్నం, పెసరపప్పులో అరటికాయ, చేమదుంప, అల్లం వేసి ఉడికించి పైన నెయ్యి. అంతే. చివరి అయిదు రోజులను పంచుక అంటాం. నెలంతా చేయలేనివాళ్లు కూడా ఏకాదశి నుంచి పున్నమి దాకా నీచు ముట్టరు. ఆ అయిదు రోజులు కొంగ కూడా చేప ముట్టదని మా వైపు సామెత. నేను ఆ పప్పు వాసనతో పెరిగాను. పెళ్లితో అది పోవాలంటే ఎలా పోతుంది?

మా అత్తగారు మొదటి ఏడాదే ఒక మాట అన్నారు. "నీది నువ్వు చేసుకో, మాది వచ్చినప్పుడు మాతో కూర్చో." పద్దెనిమిదేళ్లుగా అలాగే జరుగుతోంది. ఫలం సంగతి ఆ దేవుడు చూసుకుంటాడు.

ఏకభుక్తం
మీ మనసు నొప్పించాలని కాదమ్మా. కానీ ఒక మాట. చాతుర్మాస్యంలో శ్రావణంలో కూరగాయలు, భాద్రపదంలో పెరుగు, ఆశ్వయుజంలో పాలు, కార్తీకంలో ద్విదళం అంటే పప్పులు వదలమన్నారు. మీ హబిషలో పెసరపప్పు ఎలా వచ్చింది?

పర్లాకిమిడి_మాస్టారు
చాతుర్మాస్య వ్రతం వేరు, హవిష్యాన్న నియమం వేరు. హవిష్యాన్నానికి పనికొచ్చేవాటిలో పెసలు ఉన్నాయి. అయినా ఏకభుక్తంగారూ, మీ ఇంట్లో కార్తీక వనభోజనాల్లో పులిహోర చేస్తారా?

ఏకభుక్తం
చేస్తాం.

పర్లాకిమిడి_మాస్టారు
అందులో శనగపప్పు వేస్తారా?

ఉప్పుచేప
మాస్టారు బెత్తం తీశారు.

సందేహాలరావు
నాకు మొదటి నుంచీ ఒకటే సందేహం. చంద్రుడు నాలుగు లక్షల కిలోమీటర్ల దూరంలో తన దారిన తాను తిరుగుతుంటే, బరంపురంలో ఒక వంటింట్లో చేప వండాలా వద్దా అన్నది ఆయన చూసి చెప్పాలా? ఉపవాసం ఆరోగ్యానికి మంచిదని చెబితే ఒప్పుకుంటాను. తిథి చూసి మరీ ఎందుకు?

గోదారి_అవతల
రావుగారూ, మీ ప్రశ్నకు మా నాయనమ్మ చెప్పిన జవాబు చెబుతాను. మాది మహారాష్ట్రలోని సిరోంచ. గోదావరి దాటితే కాళేశ్వరం. ఆమె కార్తీక సోమవారాలు పగలంతా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టేది కాదు. సాయంత్రం వాకిట్లో మంచం వేసుకుని చుక్క కోసం చూసేది. చుక్క కనబడ్డాకే భోజనం. ఒకసారి మబ్బు పట్టింది. రాత్రి ఎనిమిదైనా చుక్క లేదు. "గడియారం చూసి తినవచ్చు కదా" అన్నాను. "సంవత్సరంలో నాలుగు రోజులైనా నేను ఆకాశం వైపు చూడాలనేరా ఇది పెట్టింది, గడియారం వైపు రోజూ చూస్తూనే ఉన్నాను" అంది. తొమ్మిదికి ఒక మూల మబ్బు చీలింది. ఆ పూట పచ్చిపులుసు, అన్నం. ఆమె తిన్నంత ఇష్టంగా అన్నం తినేవాళ్లను నేను మళ్లీ చూడలేదు.

సందేహాలరావు
ఈ జవాబు నాకు నచ్చింది. ఒప్పుకోను గానీ నచ్చింది.

ఉప్పుచేప
రావుగారు నచ్చిందన్నారు. ఈ తిథి రాసిపెట్టుకోండి.

రాయగడ_రమణి
ఉపవాసం అంటే ఉప, వాసం, అంటే దేవుడికి దగ్గరగా ఉండటం అని ప్రతి చర్చలోనూ ఎవరో ఒకరు రాస్తారు. ఇంకా ఎవరూ రాయలేదేమని చూస్తున్నాను. సరే, నేనే రాసేశాను, ఇక ఎవరూ రాయవద్దు.

నా బాధ వేరు. నెల సంగతి అలా ఉంచండి, ఏకాదశే రెండు రోజులు వస్తోంది. మా గోడకు తెలుగు క్యాలెండరు, మా ఎదురింటి గోడకు ఒడియా పాంజి. అప్పుడప్పుడు ఒకరు ఈరోజు ఏకాదశి అంటారు, ఒకరు రేపు అంటారు. మా అత్తగారు అనుమానం ఎందుకని రెండు రోజులూ ఉపవాసం ఉంటారు. ఆమె వయసు 71.

పర్లాకిమిడి_మాస్టారు
సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు ముందుకు జరిగితే ఒక తిథి. చంద్రుడి వేగం ఒకేలా ఉండదు కాబట్టి ఒక తిథి 19 గంటల్లో అయిపోవచ్చు, 26 గంటల దాకా సాగవచ్చు. మన రోజు మాత్రం సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా. ఆ రెండూ ఒకదానిలో ఒకటి సరిగ్గా ఇమడవు. సామాన్యంగా సూర్యోదయానికి ఉన్న తిథిని ఆ రోజు తిథిగా తీసుకుంటాం.

ఏకాదశికి ఇంకో మెలిక ఉంది. సూర్యోదయానికి నాలుగు ఘడియల ముందు, అంటే 96 నిమిషాల ముందు, దశమి ఇంకా మిగిలి ఉంటే వైష్ణవులు ఆ రోజు ఉపవాసం ఉండరు, మర్నాడు ఉంటారు. స్మార్తులకు ఆ పట్టింపు లేదు. ఇది తప్పొప్పుల గొడవ కాదు, సంప్రదాయ భేదం. పైగా గణితం కూడా ఒకటి కాదు. ఒడిశాలో పాంజిలు చాలావరకు సామంత చంద్రశేఖరుల సిద్ధాంత దర్పణం దారిలో నడుస్తాయి. ఖండపడా సంస్థానంలో పుట్టిన ఆయన (1835-1904) వెదురు గొట్టాలు, కర్రలతో సొంతంగా పరికరాలు చేసుకుని, కంటితో ఆకాశం చూసి లెక్కలు సరిచేశారు. ఆ గ్రంథం 1899లో అచ్చయింది. ఇటు మన పంచాంగకర్తల్లో కొందరిది ఆకాశంలో కనిపించే స్థితికి సరిపోయేలా లెక్కకట్టే దృగ్గణితం, కొందరిది పాత పద్ధతి. తిథి ఎప్పుడు ముగుస్తుందన్నదానిలో కొంచెం తేడా వచ్చి, అది సూర్యోదయం దగ్గర పడిందంటే రోజే మారిపోతుంది.

రమణిగారూ, మీ అత్తగారిని ఏదో ఒక పంచాంగం పట్టుకోమనండి. రెండు రోజుల ఉపవాసం ఎవరూ అడగలేదు.

ధర్మాబాద్_సిస్టర్
మాస్టారు చెప్పినది నేను ఇంకొంచెం గట్టిగా చెబుతాను. నేను నాందేడ్ జిల్లాలో నర్సుగా పని చేస్తున్నాను. ఆషాఢ ఏకాదశి వస్తే మా వార్డులో రెండు మూడు మంచాలు ఖాళీగా ఉంచుకుంటాం. ఒకసారి ఒక పెద్దాయన, మధుమేహం ఉన్నవాడు, పొద్దున మాత్ర వేసుకున్నాడు. మాత్ర మానకూడదని వైద్యుడు చెప్పాడు కాబట్టి. అన్నం మానేశాడు, దేవుడు చెప్పాడు కాబట్టి. సాయంత్రం నాలుగింటికి చెమటలు పట్టి, మాట తడబడి, కొడుకు భుజం మీద వచ్చాడు. చక్కెర పడిపోయింది. గ్లూకోజు ఎక్కించాక కళ్లు తెరిచి మొదట అడిగిన మాట "ద్వాదశి వచ్చిందా?"

71 ఏళ్ల ఆమె రెండు రోజులు వరుసగా ఏమీ తినకుండా ఉండటం మంచిది కాదు. మాత్రలు ఏమైనా వాడుతుంటే అసలు వద్దు. పండు, పాలు తీసుకోమనండి. అశక్తులకు ధర్మశాస్త్రమే సడలింపు ఇచ్చింది కదా మాస్టారూ?

పర్లాకిమిడి_మాస్టారు
ఇచ్చింది. బాలురు, వృద్ధులు, రోగులు నక్తం, అంటే రాత్రి ఒక్క పూట భోజనంతో, ఉండవచ్చు, ఫలాహారం చేయవచ్చు. మన పురోహితులు చూసే ధర్మసింధువు మీ మహారాష్ట్రలోనే పుట్టింది సిస్టర్. కాశీనాథ ఉపాధ్యాయులు పండరిపురంలో ఉండి 1790 ప్రాంతంలో రాశారు.

రాయగడ_రమణి
సిస్టర్ రాసినది ఫోను పట్టుకుని అత్తగారికి పైకి చదివి వినిపించాను. "ఆ పెద్దాయన బతికాడా?" అని అడిగారు. బతికాడన్నాను. "అయితే దేవుడు కాపాడాడు" అన్నారు. ఏం చేయమంటారు చెప్పండి.

ధర్మాబాద్_సిస్టర్
దేవుడే మా చేత గ్లూకోజు ఎక్కించాడని చెప్పండి. ఒప్పుకుంటారు.

ఇంకో సంగతి. మా దగ్గర ఉపవాసం అంటే ఆకలి అనుకోకండి. సగ్గుబియ్యం ఖిచిడీ, పల్లీల కూర, సామబియ్యం అన్నం, ఆలుగడ్డ వేపుడు, పైన పెరుగు. ఏకాదశి, దుప్పట్ ఖాశీ అని మరాఠీవాళ్లే నవ్వుకుంటారు. ఏకాదశి నాడు రెండింతలు తింటావు అని. పక్క తెలుగు పల్లెల్లో తొలి ఏకాదశికి పేలాల పిండి, బెల్లం. ఆ రెండూ పళ్లెంలో పక్కపక్కన పెట్టుకునే ఇళ్లు మా ఊళ్లో ఉన్నాయి. అందులో మాదీ ఒకటి.

ఛత్రపురం_కోడలు
ఏకాదశి మాట వచ్చింది కాబట్టి. పూరీలో ఏకాదశి నాడు కూడా జగన్నాథుడి అన్న మహాప్రసాదం తినవచ్చు. అక్కడ ఏకాదశిని తలకిందులుగా కట్టేశారని కథ. మా అత్తగారు మొదటిసారి పూరీ వచ్చినప్పుడు ఏకాదశే పడింది. గుడిలోని ఆనందబజారులో కుడువ అనే మట్టిపాత్రలో అన్నం, కూరగాయలు వేసిన పప్పు డాల్మా ఎదురుగా పెట్టుకుని పావుగంట అలా చూస్తూ కూర్చున్నారు. చివరికి కళ్లు మూసుకుని మొదటి ముద్ద పెట్టుకున్నారు. రెండో ముద్దకు కళ్లు తెరిచారు.

ఉప్పుచేప
బాబుగారూ, దారి దొరికింది. ఇంటిల్లిపాదీ పూరీ వెళ్లండి.

బరంపురం_బాబు
అక్కడ కూడా చేప పెట్టరండీ.

గోదారి_అవతల
బాబుగారి ఛడఖాయి చదివినప్పటి నుంచి ఒకటి చెప్పాలనుకుంటున్నాను. మా వైపు మరాఠీవాళ్లు శ్రావణమంతా నీచు మానేస్తారు. కానీ వాళ్లది ముందుచూపు. శ్రావణం రాబోయే ముందు, ఆషాఢ అమావాస్యకు, గటారీ అని కోళ్లు కోసి కడుపు నిండా తినేస్తారు. తాగేవాళ్లు తాగుతారు. ఆ అమావాస్యకే దీపాలు తోమి పూజించడమూ ఉంది, దాన్ని దీప అమావాస్య అంటారు. ఒకే ఇంట్లో ఆడవాళ్లది దీపం, మగవాళ్లది గటారీ.

అంటే ఉపవాసానికి ముందు తినేవాళ్లు ఇటు, తరవాత తినేవాళ్లు అటు. మధ్యలో తెలుగువాళ్లకు ముందూ లేదు, వెనకా లేదు. ఒక పేరైనా పెట్టుకోలేదు మనం.

జయపురం_వాసి
మనకు పేరెందుకు? మర్నాడు ఉదయం అయిదింటికే చేపల బుట్ట చుట్టూ నిలబడతాం, పేరు లేకుండా.

ఛత్రపురం_కోడలు
బాబుగారూ, ఒకటి గమనించారా? ఈసారి పున్నమి బుధవారం. అంటే ఛడఖాయి రోజు నవంబరు 6 గురువారం. మాకు అది మార్గశిర మాసం మొదటి రోజు, మొదటి లక్ష్మీవారం. మార్గశిర గురువారాల్లో మాణబసా చేస్తాం. కొత్త ధాన్యం మాణం అనే కొలపాత్రలో నింపి లక్ష్మీదేవిగా నిలబెట్టి, వాకిలి నుంచి పూజగది దాకా బియ్యప్పిండితో అమ్మవారి పాదాలు వేస్తాం. ఆ రోజు ఇంట్లో నీచు ఉండదు. కాబట్టి మీ మరదలు కూడా ఛడఖాయి నాడు ఏమీ తిని ఉండదు. మా వీధిలో చాలామంది శుక్రవారానికి జరుపుకున్నారు.

బరంపురం_బాబు
అక్షరాలా నిజం. గురువారం ఇల్లంతా పాదాలే. మా అమ్మ చూసి "మార్గశిర లక్ష్మీవారాలు మనకూ ఉన్నాయి, విశాఖ కనకమహాలక్ష్మికి ఎంత జనం వెళ్తారో" అంటూ మురిసిపోయింది. ఆ వెంటనే నాకు గుండె ఆగినంత పనైంది. మరదలి మార్గశిరం నవంబరు 6న మొదలైతే, అమ్మ మార్గశిరం నవంబరు 21న మొదలవుతుంది. గురువారాలు కూడా ఇద్దరివీ కలుపుతారా?

పర్లాకిమిడి_మాస్టారు
కలుపుతారు. నవంబరు 6 నుంచి డిసెంబరు 18 దాకా ఏడు గురువారాలు. అందులో నవంబరు 27, డిసెంబరు 4 ఇద్దరికీ ఉమ్మడి.

ఉప్పుచేప
మాస్టారు, మీరు సాయం చేస్తున్నారా, ఉసురు పోసుకుంటున్నారా?

ఏకభుక్తం
పులిహోర ప్రశ్న తరవాత రెండు రోజులు నేను రాయలేదు. ఇంట్లో అడిగాను. నలభై ఏళ్లుగా వేస్తున్నామట శనగపప్పు. ఛత్రపురం అమ్మగారూ, నేను ముందన్న మాట కొంచెం ఎక్కువైంది. అయినా ఒక ఇంట్లో ఒక పద్ధతి ఉండాలన్నది నా అభిప్రాయం. అందులో మార్పు లేదు.

ఛత్రపురం_కోడలు
ఉంచుకోండి అన్నగారూ. మా మామగారిదీ అదే అభిప్రాయం. ఆయన ఆ అభిప్రాయంతోనే హబిష డాల్మా రెండుసార్లు వడ్డించుకుంటారు.

సందేహాలరావు
ఇన్ని చెప్పారు కదా, మాస్టారిని ఒకటి అడుగుతాను. నెల ఎక్కడ కత్తిరించినా ఒకటే అయితే అధిక మాసం వస్తే ఏమిటి? అప్పుడు రెండు కార్తీకాలు, రెండు లెక్కలు, బాబుగారికి మూడు నెలలు?

పర్లాకిమిడి_మాస్టారు
భయపడకండి. సూర్యుడు ఏ రాశిలోకీ మారని చాంద్రమాసమే అధికం. రెండు అమావాస్యల నడుమ కొలిచేది కాబట్టి రెండు పద్ధతుల్లోనూ అవే ముప్ఫై రోజులు. ఇద్దరికీ అధికం ఒకేసారి వస్తుంది, ఒకేసారి పోతుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం, మే 17 నుంచి జూన్ 15 దాకా. అందువల్ల వచ్చే ఏడాది ఆ తరవాతి పండుగలన్నీ ఆలస్యం. కార్తీక పున్నమి నవంబరు 24 మంగళవారం. ఛడఖాయి బుధవారం.

ఉప్పుచేప
బుధవారం! బాబుగారూ, విన్నారా? గురువారం అడ్డు లేదు.

బరంపురం_బాబు
విన్నాను. కానీ అప్పటికీ అమ్మది సగం కార్తీకం మిగిలే ఉంటుంది కదా.

రాయగడ_రమణి
మా వైపు వట సావిత్రి కూడా ఇలాగే. ఒడియావాళ్లకు సావిత్రి అమావాస్య, వాళ్ల జ్యేష్ఠ అమావాస్య. అది మనకు వైశాఖ అమావాస్య. మహారాష్ట్రలో మాత్రం వట పౌర్ణిమ, పదిహేను రోజుల తరవాత. మా చెల్లెలు నాగపూర్‌లో ఉంది. మేమిద్దరం వేరువేరు రోజుల్లో ఉపవాసం ఉంటాం. మా మరిదిగారికి, మా ఆయనకు చెరో పక్షం ఆయుష్షు ఎక్కువేమో తెలియదు.

గోదారి_అవతల
బాబుగారి కబురు లేదు. నవంబరు 21 వెళ్లిపోయింది. సంచి సంగతేమైంది?

బరంపురం_బాబు
వచ్చాను. ఇవాళ ఆదివారం, ఇప్పుడే చేయి కడుక్కుని కూర్చున్నాను. మొదటి నుంచి చెబుతాను.

పోలి పాడ్యమి నాడు తెల్లవారి నాలుగున్నరకు అమ్మ అందరినీ లేపింది. అరటి దొప్పల్లో దీపాలు పెట్టి చెరువుకు వెళ్లాం. మరదలు దొప్పలు చూసి ఆశ్చర్యపోయింది. కార్తీక పున్నమికి వాళ్లు బోయిత బందాణ అంటూ అరటి బోదెతో పడవలు చేసి, తమలపాకు, వక్క, దీపం పెట్టి నీళ్లలో వదులుతారు. వెనకటి వర్తకులు సముద్రం మీదకు వెళ్లిన గుర్తుగా. పదహారు రోజుల క్రితం అదే చెరువులో, అదే మెట్టు మీద నుంచి తను పడవ వదిలింది. "ఇక్కడే అత్తయ్యా, ఈ రాయి దగ్గరే" అంటూ చూపించింది.

దీపాలు వదిలాక అమ్మ పోలి కథ చెప్పాలి. మరదలికి తెలుగు అంతంతమాత్రం, అమ్మకు ఒడియా బజారు వరకే. సగం అటూ సగం ఇటూ చెప్పుకొచ్చింది. అత్తగారు పెద్ద కోడళ్లను తీసుకుని నదీస్నానానికి వెళ్తుంది, చిన్నకోడలు పోలిని ఇంట్లో వదిలేస్తుంది, దీపం పెట్టుకోవడానికి నూనె కూడా ఉంచదు. పోలి కవ్వానికి అంటిన వెన్న తీసి, చెట్టు కింద రాలిన పత్తితో వత్తి చేసి దీపం పెడుతుంది. ఆమె కోసం స్వర్గం నుంచి విమానం వస్తుంది. ఇక్కడికి వచ్చేసరికి అమ్మ గొంతు తగ్గింది. చిన్నకోడలికి చిన్నకోడలి కథ చెబుతున్నానని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. "అత్తగారు చూసి, పోలి కాళ్లు పట్టుకుంది, తనూ వెళ్దామని" అంది. మరదలు అమాయకంగా "వెళ్లిందా?" అని అడిగింది. అమ్మ చెరువు వైపు చూస్తూ "లేదు, కింద పడింది" అంది. మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్నగారు దగ్గు తెచ్చుకున్నారు. మరదలు కాసేపు ఆలోచించి "నేనైతే పట్టుకుని పైకి లాగేదాన్ని" అంది ఒడియాలో. అమ్మకు అర్థమైంది.

ఇంటికి వచ్చాక నేను సంచి తీశాను. అమ్మ "శుక్రవారం పూటా?" అంది. నిజమే, 21 శుక్రవారం, లక్ష్మీదేవి. మర్నాడు శనివారం, వెంకటేశ్వరస్వామి. ఇవాళ పొద్దున ఆరింటికి అమ్మే వచ్చి నన్ను లేపింది. "సంచి ఎక్కడ పెట్టావు? ఆలస్యమైతే మంచివి అయిపోతాయి."

పర్లాకిమిడి_మాస్టారు
అక్టోబరు 8 నుంచి నవంబరు 22. నలభై ఆరు.

ఉప్పుచేప
లెక్క తరవాత మాస్టారూ. బాబుగారూ, ఏ చేప?

బరంపురం_బాబు
చందువ దొరకలేదండీ. చిలికా రొయ్యలు. నాన్నగారికి మాత్రం పెద్దగా ఆకలి లేదట.